పెరంబూరు చిట్టీ కంపెనీలో అయిదు లక్షల చీటీ: నా లెక్క, నా మాట

చెన్నై పెరంబూరులో మా ఇంటికి నడిచిపోయేంత దూరంలో ఒక రిజిస్టర్డ్ చిట్టీ కంపెనీ బ్రాంచి ఉంది. అందులో నేను కట్టిన అయిదు లక్షల చీటీ మొన్న డిసెంబరుతో ముగిసింది. "ఎలా ఉంది వదినా, చేరొచ్చా?" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే ఓపిక లేక అందరికీ కలిపి రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే మంచీ చెడూ ఆ ఒక్కచోటివే కావు, ఏ పెద్ద చిట్టీ కంపెనీకి వెళ్లినా ఇంచుమించు ఇదే తంతు.

నా గురించి ఒక మాట. నేను ఎల్ఐసీ ఏజెంటుని. మా ఆయన రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో రిటైరయ్యారు. చిట్టీ కంపెనీ ఏజెంటుకీ నాకూ తిరిగే వీధులు అవే, తాగే కాఫీ అదే. కాబట్టి ఆ అబ్బాయి చెప్పే తీపి మాటలు నా దగ్గర పని చెయ్యవు. అయినా చేరాను. మేడ మీద రెండు గదులు వేసి అద్దెకిద్దామని మా ఆలోచన. బ్యాంకు లోన్ అడిగితే ఆయన వయసు చూశారు, నాది జీతం కాదు కమీషన్ అన్నారు. అమ్మాయి నగలు బ్యాంకులో పెడితే తక్కువ వడ్డీకే డబ్బు వచ్చేది, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. కానీ అవి అమ్మాయివి. వాటి జోలికి పోకూడదని ఇద్దరం అనుకున్నాం.

ఇరవై అయిదు మంది, నెలకి ఇరవై వేలు, ఇరవై అయిదు నెలలు. కంపెనీ కమీషన్ 5 శాతం, అంటే నెలకి పాతిక వేలు. 2019లో చట్టం సవరించి కమీషన్ 7 శాతం దాకా తీసుకోవచ్చన్నారు కాబట్టి చేరేముందు ఇది అడిగి తెలుసుకోండి. మొదటి నెల చీటీ పాట లేకుండా కంపెనీదే. చాలామంది దీన్ని మోసం అనుకుంటారు, కానీ ఆ హక్కు చట్టమే ఇచ్చింది. రెండో నెల నుంచి పాట. ఎవరు ఎక్కువ తగ్గింపుకి ఒప్పుకుంటే వాళ్లకి ఆ నెల చీటీ. ఆ తగ్గింపులోంచి కమీషన్ తీసేసి మిగిలింది అందరికీ పంచుతారు. మనం డివిడెండ్ అంటాం, ఇక్కడివాళ్లు కసర్ అంటారు.

పాట చూడటానికైనా ఒకసారి ఆ ఆఫీసుకి వెళ్లాలి. ఇప్పుడు యాప్‌లో కూడా పాడొచ్చు, సగం మంది అదే చేస్తారు. నేను మాత్రం వెళ్లి కూర్చుంటాను, ఎదుటి మనిషి మొహం చూస్తే అతనికి ఎంత అవసరమో తెలుస్తుంది. పొడుగాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి వెంకటేశ్వరస్వామి క్యాలెండరు, దాని కింద గడియారం. టైము కాగానే గుమాస్తా ఫైలు తెరిచి గ్రూపు నంబరు చదువుతాడు. అయిదు నిమిషాలు. "ఎనభై వేలు." "ఎనభై రెండు." ఫోన్‌లోంచి ఎవరో ఎనభై అయిదు. నా పక్కన కూర్చున్న బండి మెకానిక్కు గోళ్లలో గ్రీజు ఇంకా పోలేదు, పనిలోంచి నేరుగా వచ్చినట్టున్నాడు. తొంభై నాలుగు దాకా వచ్చి, సెల్‌ఫోన్‌లో లెక్క వేసుకుని, తల అడ్డంగా ఊపి ఆగిపోయాడు. నేను తొంభై అయిదన్నాను. "ఒరు తరం, రెండు తరం, మూణు తరం." అయిపోయింది. మినిట్స్ పుస్తకంలో అక్కడున్నవాళ్లందరి సంతకాలు తీసుకున్నారు. ఇంత డబ్బు ఇంత తక్కువ గొడవతో చేతులు మారడం ఇంకెక్కడా చూడలేదు.

ఇక్కడ చిన్న కిటుకు ఒకటి ఉంది. నేను పాడింది ఎనిమిదో నెల, జూలై ఆఖరు. స్కూళ్లు తెరిచే జూన్‌లో పాట లక్షా పాతిక వేల దాకా పోయింది. జూలై ఆఖరుకి ఆడి నెల వచ్చేసింది. మనకి ఆషాఢం పోయి శ్రావణం వచ్చినా ఇక్కడ ఆడి నడుస్తూనే ఉంటుంది. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త షాపులు తెరవరు. డబ్బు కోసం తొందరపడేవాళ్లు తక్కువ, అందుకే పాట తొంభై అయిదు వేల దగ్గర ఆగింది. చెన్నైలో చీటీ కట్టేవాళ్లు తమిళ క్యాలెండరు దగ్గర పెట్టుకోవాలి. పొంగల్ ముందు నెల మాత్రం అస్సలు పాడకండి.

లెక్క చెప్తాను. చీటీ 4,05,000కి పాడాను. కమీషన్ మీద జీఎస్టీ, కాగితాల ఖర్చు పోగా చేతికొచ్చింది 3,99,500. అప్పటిదాకా డివిడెండ్లు పోను నేను కట్టింది 1,24,200. తర్వాత పదిహేడు నెలల్లో కట్టింది 3,07,700. మొత్తం 4,31,900 కట్టి 3,99,500 తీసుకున్నాను. తేడా 32,400. చూడటానికి చిన్న మొత్తమే. కానీ చేతికొచ్చినదాంట్లోంచి అప్పటిదాకా నేనే కట్టింది తీసేస్తే, నిజంగా నేను వాడుకున్న అప్పు రెండు లక్షల డెబ్బై అయిదు వేలు, అదీ నెలనెలా తగ్గుతూ పోయింది. అలా చూస్తే ఏడాదికి దాదాపు పదిహేను శాతం వడ్డీ పడింది. చిట్టీ ఏజెంటు ఈ లెక్క మీకు చెప్పడు, 'డివిడెండ్ వస్తుందండీ' అంటాడు. బయట నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. దానికన్నా ఇది నయం, బంగారం లోన్ కన్నా ప్రియం. ఇక చివరిదాకా పాడకుండా దాచుకున్నవాళ్లకి ఎఫ్‌డీ కన్నా కాస్త ఎక్కువ మిగిలిందంతే. చీటీని పొదుపు స్కీము అని అమ్మేవాళ్లని నమ్మకండి. ఎప్పుడు అవసరం వస్తుందో తెలియని మనిషికి, జీతం స్లిప్పు లేని మనిషికి చీటీ పనికొస్తుంది.

ఒకరోజు పాట మొదలయ్యే ముందు ఒక పెద్దాయన లేచి, "మధ్యలో నేను పోతే ఏంటి సంగతి?" అని అడిగాడు. గదిలో అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. నా వృత్తే ఆ ప్రశ్న. మేనేజరు నెల్లూరు అబ్బాయి, నాతో తెలుగులోనూ ఫైలుతో తమిళంలోనూ మాట్లాడతాడు. ఓపిగ్గానే చెప్పాడు: పాడకముందు పోతే వారసులు కొనసాగించొచ్చు, లేదా కట్టిన డబ్బు తీసుకోవచ్చు. పాడాక పోతే మిగిలిన వాయిదాలు వారసుల మీదా జామీను సంతకం పెట్టినవాళ్ల మీదా పడతాయి. పెద్దాయన వాటా పక్కవాళ్లకి మాత్రం పోదు.

పోయినవాడి వాటా మిగిలినవాళ్లకి పంచే పద్ధతి కూడా లోకంలో ఉండేది. టాంటీన్ అంటారు. ఇన్సూరెన్స్ పరీక్షలకి చదివేటప్పుడు తగిలింది, అప్పట్నుంచీ అదంటే నాకు సరదా. నేపుల్స్ నుంచి వచ్చిన లొరెంజో ద టాంటీ అనే ఆయన 1653లో ఫ్రాన్స్ మంత్రి కార్డినల్ మజారిన్‌కి ఒక ఉపాయం చెప్పాడు. ఖజానా ఖాళీ, కొత్త పన్ను వేస్తే జనం తిరగబడతారు. కాబట్టి జనం దగ్గర ఒకేసారి డబ్బు తీసుకుని వయసుల వారీగా గుంపులు కట్టి, ఒక్కో గుంపుకీ ఏటా వడ్డీ ఇవ్వండి, గుంపులో ఎవరు పోతే వాళ్ల వడ్డీ మిగిలినవాళ్లకి పంచండి, ఆఖరి మనిషి కూడా పోయాక అసలు రాజుగారికే మిగులుతుంది అన్నాడు. పారిస్ పార్లమెంటు (అప్పట్లో అదొక న్యాయస్థానం) ఒప్పుకోలేదు. టాంటీ ఆ తర్వాత బాస్టీలు జైలు కూడా చూశాడు. (వాళ్లబ్బాయి అమెరికా వెళ్లి మిసిసిపీ నది వెంట అన్వేషణలు చేశాడు, యుద్ధంలో పోయిన చేతికి బదులు ఇనప చెయ్యి. ఆ ఇంట్లో వింతలకి లోటు లేదు.)

యుద్ధానికి డబ్బు కావలసి వచ్చి 1689లో పద్నాలుగో లూయీ అదే పథకం పెట్టాడు. అందులో 300 లీవర్లు (అప్పటి ఫ్రాన్స్ డబ్బు) కట్టిన ఒక వితంతువు అందరికన్నా ఎక్కువ కాలం బతికి, 1726లో తొంభై ఆరో ఏట పోయింది. చివర్లో ఆవిడకి ఏడాదికి డెబ్బై మూడు వేల లీవర్ల పైనే వచ్చేది. తొంభై ఆరేళ్లకి ఆ డబ్బుతో ఏం చేసుకుందో మరి. ఇంగ్లండు కూడా 1693లో మొదలుపెట్టింది, పది లక్షల పౌండ్లు వస్తాయనుకుంటే లక్షకి కాస్త పైనే వచ్చాయి.

ఇక్కడే కుటుంబాలు తెలివి చూపించాయి. కట్టేది తండ్రి, లెక్కలోకి తీసుకునే ప్రాణం మాత్రం పసిపిల్లది. పిల్ల బతికున్నన్నాళ్లూ ఇంటికి ఆదాయం. కూతురి పేరున డబ్బు కట్టి ఆమె ఆయుష్షుతో ఇల్లు నడుపుకోవడమన్నమాట. జెనీవా బ్యాంకర్లు దీన్ని వ్యాపారం చేశారు. 1770ల్లో మశూచి వచ్చి బతికి బయటపడ్డ, మంచి కుటుంబాల ఆడపిల్లల్ని ముప్పై మందిని ఏరి, వాళ్ల ప్రాణాల మీద ఫ్రాన్స్ ప్రభుత్వం అమ్మే జీవిత పెన్షన్లు కొన్నారు. ఇది టాంటీన్ కాదు, దాని చుట్టం. ఫ్రాన్స్ వాళ్లు అయిదేళ్ల పిల్లకీ అరవై ఏళ్ల ముసలాయనకీ ఒకే రేటు ఇచ్చేవాళ్లు! మా ఎల్ఐసీలో ఏ కుర్ర ఏజెంటుని లేపి అడిగినా 'ఇది మునుగుతుంది' అని చెప్పేస్తాడు.

మునిగింది కూడా. పిల్లలు బాగానే బతికారు, కట్టాల్సినవాడే చేతులెత్తేశాడు. అంతకుముందే 1770లో ఫ్రాన్స్ ఆర్థికమంత్రి తెరే పాత టాంటీన్లన్నిటినీ మామూలు పెన్షన్లుగా మార్చేశాడు. అంటే పక్కవాడు పోయినా మీ వాటా ఇక పెరగదు. ఏళ్ల తరబడి ఆ పెరుగుదల కోసమే కూర్చున్నవాళ్ల సంగతి ఆలోచించండి. విప్లవం తర్వాత 1797లో ప్రభుత్వం తన బాకీల్లో మూడింట రెండొంతులు ఎగ్గొట్టింది.

అమెరికాలో ఇదే బుద్ధి ఇన్సూరెన్సులోకి దూరింది. ఈక్విటబుల్ కంపెనీ హెన్రీ హైడ్ 1868లో టాంటీన్ పాలసీలు పెట్టాడు. ఏటా ఇవ్వాల్సిన బోనస్ ఇవ్వకుండా ఒకచోట పోగేసి, ఇరవై ఏళ్లు లాంటి గడువు చివరిదాకా బతికి, ప్రీమియం కడుతూ నిలబడ్డవాళ్లకి పంచుతామన్నారు. మధ్యలో కట్టలేక ఆపేసినవాళ్ల డబ్బు నిలబడ్డవాళ్లకి. ఉద్యోగం పోయినవాడు కట్టిందంతా ఎవరో ధనవంతుడి లాభం అయిందన్నమాట. జనం ఎగబడి కొన్నారు. 1905లో న్యూయార్క్‌లో ఆర్మ్‌స్ట్రాంగ్ కమిటీ విచారణ జరిపి కంపెనీలు ఆ పోగేసిన డబ్బుతో ఆడిన ఆటలన్నీ బయటపెట్టింది, మరుసటి ఏడాది చట్టం చేసి ఆపించారు. ల్యాప్స్ అయిన పాలసీ చేత్తో పట్టుకుని మా ఇంటికొచ్చే ఆడవాళ్లని చూసినప్పుడల్లా నాకు ఆ హైడ్ గుర్తొస్తాడు.

మన చీటీ ఆ జాతిది కాదు. టాంటీన్‌లో పక్కవాడు పోతే మనకి లాభం, చీటీలో పక్కవాడు బాగుండి ప్రతి నెలా కట్టాలి. ఫ్రెంచి మాట్లాడే పశ్చిమ ఆఫ్రికా దేశాల్లో టాంటీన్ పేరుతోనే కుటుంబాలు, ఇరుగుపొరుగు ఆడవాళ్లు డబ్బు పోగేసి వంతులవారీగా తీసుకుంటారట, అవి మన చీటీల్లాంటివే. కానీ ఒక్క విషయంలో అన్నీ ఒకటే: దెబ్బ సభ్యుల వల్ల కాదు, డబ్బు పెట్టె ఎవరి చేతిలో ఉందో వాళ్ల వల్ల పడుతుంది. రాజు కావచ్చు, కంపెనీ కావచ్చు, మా వీధి చివర చీటీలు నడిపి ఒక రాత్రి తాళం వేసుకుని వెళ్లిపోయిన ఆవిడ కావచ్చు.

అందుకే నేను ఈ కంపెనీలో ముందు చూసింది రిజిస్ట్రార్ (చీటీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ అధికారి) ఇచ్చిన అనుమతి కాగితం. 1982 చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ప్రతి గ్రూపుకీ విడిగా అనుమతి ఉండాలి, చీటీ మొత్తానికి తగ్గ సెక్యూరిటీ కంపెనీ ముందే పెట్టాలి. తగాదా వస్తే కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, రిజిస్ట్రారే తీర్పు చెప్తాడు. ఇక్కడ అడగ్గానే ఫైలు తెచ్చి నంబరు చూపించారు, ఒప్పందం జిరాక్సు ఇచ్చారు. ఈ విషయంలో వంక పెట్టడానికి లేదు. బెంగాల్లో 2013లో మునిగిన శారదా కంపెనీని కూడా జనం చిట్ ఫండ్ అనేస్తారు గానీ అక్కడ పాటా లేదు, వంతులూ లేవు, ఊరికే డిపాజిట్లు పోగేశారు. ఎవరైనా 'చీటీ' అని చెప్పి పాట ఎప్పుడో చెప్పకపోతే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి.

ఇక ఫిర్యాదు. పాట పాడిన రోజు సంబరం, మర్నాటి నుంచి జామీను జాతర. ముగ్గురు జీతగాళ్లు కావాలన్నారు. మా ఆయన పెన్షన్ కుదరదట. మా తమ్ముడి కొడుకు అంబత్తూరులో మంచి ఉద్యోగం చేస్తున్నాడు, ప్రైవేటు కదా అన్నారు. ఎదురింటి రైల్వే అన్నయ్యగారు పాపం సెలవు పెట్టి వచ్చి సంతకం చేశారు. ఇంకో టీచరుగారి స్లిప్పు తీసుకుని, వారం పోయాక "హెడ్డాఫీసు క్వెరీ మేడమ్, ఆయన ఇంకొకరికి ఆల్రెడీ ష్యూరిటీ" అన్నారు. ఈ మాట మొదటిరోజే కంప్యూటర్లో చూసి చెప్పొచ్చు కదా! చివరికి నా పాత ఎండోమెంట్ పాలసీ వాళ్ల పేరుకి అసైన్ చేస్తే ఫైలు కదిలింది. ఎల్ఐసీ పాలసీ ఉన్నవాళ్లు మొదటే ఇది అడగండి, సరెండర్ విలువ (పాలసీ ఇప్పుడు వదులుకుంటే వచ్చే డబ్బు) మేరకు జామీనుగా ఒప్పుకుంటారు. కౌంటర్లో వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఈలోపు ఆడి పోయి ఆవణి నెల వచ్చింది, మేస్త్రీకి అడ్వాన్సు ఇస్తానన్న తేదీ దాటింది. నా గొలుసు సేటు దగ్గర పెట్టి ఇచ్చాను. తమాషా ఏంటంటే డబ్బు చేతికి రాకుండానే నెల వాయిదా మాత్రం టంచనుగా వచ్చింది. మనం ఒక్కరోజు ఆలస్యం చేస్తే పెనాల్టీ, వాళ్లు వారాలు తిప్పితే అది 'ప్రాసెస్'. నేను గట్టిగా అడిగితే నెల్లూరు అబ్బాయి, "అక్కా, నా చేతిలో ఏముంది" అన్నాడు. నిజంగానే అతని చేతిలో ఏమీ లేదు, అంతా హెడ్డాఫీసు కంప్యూటరే.

మా అమ్మమ్మ కోవూరులో బియ్యం చీటీ నడిపేది. పదిమంది ఆడవాళ్లు వారానికో మానిక తెచ్చి పోసేవాళ్లు, పేర్లు రాసిన తాటాకు ముక్కలు చెంబులో వేసి పసిపిల్ల చేత తీయించేవాళ్లు. పెళ్లో పురుడో ఉన్న ఇల్లుంటే చీటీ తీయకుండానే వాళ్లకి ఇచ్చేసేది. జామీను ఊసే లేదు, ఎగ్గొడితే మర్నాడు నీళ్లరేవులో మొహం చూపించలేరు. పెరంబూరులో నా పక్క ఫ్లాటులో ఎవరుంటారో నాకే సరిగ్గా తెలియదు, మరి కంపెనీ ముగ్గురి సంతకాలు అడగడాన్ని పూర్తిగా తప్పుపట్టలేను. అడిగే తీరు మార్చుకోవాలంతే.

దీపావళి చీటీ కట్టేవాళ్లు కూడా నన్ను అడుగుతున్నారు. వారం వారం డబ్బు కట్టించుకుని పండక్కి స్వీట్లు, గిన్నెలు, టపాకాయలు ఇచ్చేవి. అవి వేరే రకం, పాట ఉండదు, చాలావాటికి కాగితమూ ఉండదు. మనిషి తెలిసుంటే చిన్న మొత్తం కట్టండి, తెలియకపోతే మానేయండి.

ఈ కంపెనీకి అయిదుకి మూడున్నర ఇస్తాను. లెక్కలో ఒక్క రూపాయి తేడా లేదు, రసీదులు ఎప్పటికప్పుడు ఫోన్‌కి వచ్చాయి, పాట నిజాయితీగా జరిగింది. తగ్గించింది జామీను దగ్గర తిప్పినందుకు. మా గదుల్లో ఇప్పుడు ఐసీఎఫ్‌లో అప్రెంటిస్ చేసే కుర్రాళ్లు ఉంటున్నారు, ఆఖరి వాయిదాలన్నీ వాళ్ల అద్దెలోంచే కట్టాను. చీటీ ముగిసినా నా పాలసీ తిరిగి నా పేరుకి రాసిచ్చిన కాగితం మాత్రం ఇంకా రాలేదు, అది కూడా హెడ్డాఫీసులోనే ఉందట. సంక్రాంతిలోపు వస్తే నాలుగు చేస్తాను, రాకపోతే రిజిస్ట్రార్ ఆఫీసు ఎక్కడుందో నాకు తెలుసు.